గోడ మీది రొట్టె

ఈ మధ్య హోటళ్ళలో రాగిసంగటిని నున్నగా, బంతిలాగా చేసి తెస్తున్నారు. పైన గుంట ఉండదు. నెయ్యి ఎక్కడ పోసుకోవాలని అడిగితే, మొన్న పులివెందులలో సర్వరు పక్కన పోసుకోమన్నాడు. పోసుకుంటుంటే వేడి సంగటి వాసన ముక్కుకు తగిలి, జమ్మలమడుగు మస్తాన్ మామ గుర్తుకొచ్చాడు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను బి.ఏ. పాసై, ఆ సంగతి అందరికీ చెప్పడం తప్ప వేరే పని లేకుండా ప్రొద్దుటూరులో ఉన్నాను. వానలు లేక పల్లెల్లో గంజికేంద్రాలు పెట్టారు. మనిషి నిలబడటానికి రోజుకు ఎంత సంగటి చాలునో తేల్చడానికి కోస్తా నుంచి ఒక డాక్టరుగారు వచ్చి, ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఆరుగురు మగవాళ్ళు కావాలన్నారు. నెలపాటు ఆ ఇంట్లోనే ఉండాలి, తూచి పెట్టిందే తినాలి, పెరట్లో కట్టెలు కొట్టాలి. చివర్లో డబ్బిస్తారు. లోపలికి పోయేదాన్ని తక్కెడలో తూచేవారు, బయటికి వచ్చేదాన్ని సీసాల్లో పట్టేవారు. నా మీద అంత శ్రద్ధ చూపిన ఉద్యోగం మళ్ళీ దొరకలేదు.

మస్తాన్ మామ దర్జీ. ఆయన కుట్టుమిషను ఒక షావుకారు దగ్గర తాకట్టులో ఉంది. రంజాన్ లోపల విడిపించకపోతే అమ్మేస్తానని షావుకారు చెప్పేశాడు. మిషను లేకపోతే పండగ కుట్టుబడీ లేదు, ఆ తర్వాత బతుకూ లేదు. అయినా మామ నవ్వుతూనే వచ్చాడు. “ఇంటికాడ కడుపు ఊరికే మాడతాండాదప్పా. ఈడ మాడితే దుడ్లిస్తారంట” అన్నాడు.

ఒకరోజు నా చొక్కా గుండీ ఊడితే ఆయనే కుట్టాడు. బాగుందని నేను పైనుంచి చూస్తుంటే, దారం కొరికి, “బీయే అప్పా, తిప్పి చూడు. కుట్టు సంగతి లోపలిపక్క తెలుస్తాది” అన్నాడు. తిప్పి చూశాను. పైకన్నా లోపలే బాగుంది.

మా పెరటి గోడకు అవతల హుసేన్‌బీ ఇల్లు. మేము తినే కొలత చూసి ఆమె మనసు కలుక్కుమంది. “ఇంతింత మనుషులకు గుప్పెడు సంగటేనా? మీ డాకటరుకు పెండ్లాంబిడ్డలు లేరా?” అని, గోడమీద జొన్నరొట్టెలు, శెనగవిత్తనాల ఊరుబిండి పచ్చడి పెట్టింది. పక్కన మనుషులు ఆకలితో ఉంటే తమ ఇంట్లో ముద్ద దిగదట. డాక్టరుగారి నియమం చెప్పి మేము వద్దన్నాం. మరీ గట్టిగా అనలేదు. మరుసటి రోజు నుంచి అదీ అనలేదు. మస్తాన్ మామతో సహా అందరమూ తిన్నాం.

నెలాఖరున డాక్టరుగారు మమ్మల్ని తూచి, మొదటిసారి నవ్వారు. ఎవరూ తగ్గలేదు. “చూశారా, ఈ మాత్రం సరిపోతుందండీ. గంజికేంద్రాలకు ఇదే కొలత రాస్తాను” అన్నారు.

మేము డబ్బు కోసం వరుసలో నిలబడ్డాం. మస్తాన్ మామ మాత్రం కదల్లేదు.

“ఆ కొలత రాయొద్దు సామీ. మా ఒంట్లో పక్కింటి రొట్టెలు గూడా ఉండాయి” అన్నాడు.

డాక్టరుగారు తక్కెడను పెట్టెలో పెట్టేశారు. ఆయన మంచివాడే. మంచివాడు కాబట్టి ప్రయోగం రద్దు చేసి, అందరికీ బస్సు చార్జీలు మాత్రం ఇచ్చారు. మా ఆరుగురిలో ఒకడైన చాపాడు ఓబయ్య, “నీ నోట్లో రొట్టె కాదు, గుడ్డ పెట్టాల్సింది” అని మామ ముఖం మీదే అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నేను సర్కారు కొలువులో చేరి, ఇతరులకు ఎంత చాలునో రాసే పనే ముప్పై ఏళ్ళు చేశాను. “సరిపోతుంది” అన్న మాట దగ్గరకు వచ్చేసరికి నా పెన్ను ఆగేది. ఆ కాగితాన్ని ఒకసారి లోపలిపక్కకు తిప్పి చూడాలనిపించేది. దీనివల్ల పై అధికారులకు నా మీద మంచి అభిప్రాయం ఏర్పడలేదు.

ఆరోజు జమ్మలమడుగు బస్సు దాకా మామతో నడిచాను. షావుకారు మిషను అమ్మేస్తాడని ఇద్దరికీ తెలుసు. నాకు కోపంగానే ఉంది.

“ఎందుకు చెప్పినావు మామా? పిడికెడు అటూ ఇటూ అయితే ఏమయితాది?”

ఆయన బస్సు మెట్టుమీద కాలుపెట్టి వెనక్కి తిరిగాడు.

“గంజికేంద్రం కాడ గోడవతల హుసేన్‌బీ ఉండదప్పా” అన్నాడు.