నజ్లా ఇంట్లో వెల్లుల్లి

మొగుడు తౌఫీక్ పోయాక తొమ్మిదో రోజు ప్రార్థన ముగిసిన మర్నాడే నజ్లా బజారుకు వెళ్ళి ఒక కోడీ, మూడు వెల్లుల్లి గడ్డలూ కొంది. నల్లబట్టల మనిషిని చూసి జాలిపడి కూరగాయలాయన ఇంకో గడ్డ ఊరికే వేశాడు.

ఆమె జహ్లే ఊళ్ళో పెళ్ళి గౌన్లు కుట్టేది. సగం ఊరి ఆడవాళ్ళ నడుం కొలతలు ఆమెకు కంఠతా వచ్చు. పెళ్ళినాటివే కాదు, తర్వాతివి కూడా. అవి ఎవరికి చెబుతుందోనని జనం ఆమెతో మర్యాదగానే ఉండేవారు. మొగుడు చర్చిలో కీర్తనలు పాడేవాడు. వెల్లుల్లి వాసన తగిలితే గొంతు పాడవుతుందని పెళ్ళయిన వారానికే చెప్పాడు. పాడవడానికి ఆ గొంతులో ఏమీ లేదని నజ్లాకు మొదటి ఆదివారమే అర్థమైంది. కొత్తలో మొహమాటపడి అనలేదు. తర్వాత అలవాటైపోయింది. ముప్పై రెండేళ్ళు ఆ వంటింట్లో వెల్లుల్లి రెబ్బ పడలేదు.

కోడిమాంసం సన్నగా చీల్చి పెరుగూ, నిమ్మరసం, దాల్చినచెక్క పొడీ పట్టించి పక్కన పెట్టింది. ఇక తూమ్. వెల్లుల్లీ నూనే కలిపి మీగడలా నూరే ఆ తెల్లటి ముద్ద లేకపోతే, రొట్టెలో మాంసం పెట్టి చుట్టే కోడి చుట్టకు రుచే లేదు. రెబ్బల్లోని పచ్చ మొలకలు తీసేసి, ఉప్పేసి, రోట్లో మెత్తగా నూరింది. ఆత్రం కొద్దీ నూనె ఒక్కసారే వంచేసరికి ముద్ద కాస్తా విరిగిపోయింది. మొగుణ్ణి తలుచుకుని ఒక మాట అంది. చనిపోయినవాళ్ళను అనకూడని మాట. మళ్ళీ కొత్త రెబ్బలు నూరి, విరిగినదాన్నే చుక్కచుక్కగా కలుపుతూ పోతే ఈసారి తెల్లగా పొంగింది. వేలితో నాకి చూసింది. తొమ్మిది రోజులుగా రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

వాసన మెట్లమీదుగా కింది వాటాకు దిగింది. తౌఫీక్ చెల్లెలు ఎవెలీన్ రుసరుసలాడుతూ పైకొచ్చింది.

"అన్నయ్య పోయి పది రోజులు కాలేదు, ఏంటొదినా ఈ కంపు?"

"కూర్చో. నీకూ ఒకటి చుడతా."

పల్చటి రొట్టె మీద తూమ్ దట్టంగా పూసి, వేయించిన మాంసం, ఊరగాయ దోసముక్కలు పెట్టి, గట్టిగా చుట్టి, పెనం మీద అదిమి ఇచ్చింది. ఎవెలీన్ కొరికింది. కోపంగానే నమిలింది. సగం తిన్నాక నోరు జారింది.

"కూడలి కొట్లో చుట్టకంటే బావుంది. అన్నయ్య తినుంటే ఆ కొట్టుకు వెళ్ళేవాడే కాదు."

నజ్లా అట్లకాడ పక్కన పెట్టి, ఏ కొట్టని అడిగింది. ఎవెలీన్‌కు చెప్పక తప్పలేదు. తౌఫీక్ ప్రతి గురువారం ఆ కొట్లో రెండేసి కోడి చుట్టలు లాగించి, వాసన పోవడానికి కొత్తిమీర నమిలి, కాఫీ గింజలు కొరికి ఇంటికొచ్చేవాడట. ఇంట్లో ఎందుకు చేయించుకోవని ఎవరైనా అడిగితే, మా ఆవిడకు వెల్లుల్లి పడదు అనేవాడట.

"నాకు పడదా?"

"వారానికొక గంట తనకంటూ ఉండాలనేవాడొదినా. ఇంట్లో దొరికితే ఇక బయటికెళ్ళడానికి వంకేదీ?"

"నన్నడిగితే గంటేం ఖర్మ, రోజంతా ఇచ్చేదాన్ని."

ఎవెలీన్‌కు నవ్వాగలేదు. వదినకు కూడా. పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగు అది ఏడుపనుకుని, తలుపు తట్టకుండా వెళ్ళిపోయారు.

నలభయ్యో రోజు ప్రార్థన భోజనానికి నజ్లా అరవై చుట్టలు చేసింది. ఇది చావు భోజనమా అని ఇద్దరు ముగ్గురు గొణిగారు. గొణుగుతూనే రెండోది అడిగారు. ఫాదర్ మిత్రి మూడు తిని, పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెబుతానని లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందు వరుసలోవాళ్ళకు కాస్త దూరంగా జరిగి నిలబడ్డాడు.