ఘటం కోసం తిన్న మాత్రలు

ఈ కబురు మొదట నాకు మోసుకొచ్చింది మా మనవరాలు. ఒళ్ళు బరువైన పెద్దవాళ్ళు మెగ్నీషియం మాత్రలు వేసుకుంటే రక్తపోటు కాస్త తగ్గవచ్చుననీ, గుండెకు మేలు జరగవచ్చుననీ, కానీ అందరికీ ఒకేలా పనిచేయవనీ ఫోనులో చదివి, సగం బర్మా మాటల్లో సగం తెలుగులో నాకు వినిపించింది. దానికది కొత్త సంగతి. నాకు మాత్రం ఆ పేరు చెవిన పడగానే పాత కడుపుమంట ఒకటి మళ్ళీ రాజుకుంది.

బర్మాలో మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో నేనూ మా తోటికోడలూ ఇరవై ఏళ్ళకు పైగా ఒకే పొయ్యి మీద వండుకున్నాం. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. అక్కా అనే పిలిచేదాన్ని. అదే బియ్యం, అదే చేపల పులుసు, ఇద్దరికీ ఒకే తీరు ఒళ్ళు, ఒకే ఏడాది ఇద్దరికీ బీపీ. మా వీధి డాక్టరమ్మ, మేమందరం సయామా అనేవాళ్ళం, ఇద్దరికీ ఒకే చిన్న తెల్ల మాత్ర రోజూ వేసుకోమంది. ఇంతలో మింగళాడోన్ విమానాశ్రయంలో పనిచేసే అక్క మేనల్లుడు ఎక్కడినుంచో ఒక సీసాడు మెగ్నీషియం మాత్రలు తెచ్చి అక్కకు మాత్రమే ఇచ్చాడు. చింతగింజలంత మాత్రలు. ఆవిడ ఆ సీసాను దేవుడి గూట్లో కుంకుమభరిణె పక్కన పెట్టుకుంది. నాలుగు నెలలు తిరిగేసరికి ఆవిడ బీపీ దిగింది, నాది దిగలేదు. సయామా నా ఎదుటే ఆవిడను మెచ్చుకుంది.

అది ఒట్టి మెప్పయితే ఓర్చుకునేదాన్నేమో. మా అత్తగారు పోయాక అమ్మవారి పండుగకు మా ఇంటి ఘటం ఇద్దరిలో ఎవరు మోయాలన్నది తేలలేదు. అంతకు ముందటేడు ఒకావిడ ఎండలో ఘటంతో సహా పడిపోయింది కనుక, సయామా సరేనన్న మనిషే మోయాలని గుడి పెద్దలు కట్టడి చేశారు. కొత్త కోడలిగా వచ్చిన నాటినుంచీ, తల్లి ఒక్కసారి నా నెత్తిన కూర్చుంటే చాలని కోరుకున్నదాన్ని. బడి ముఖం చూడకుండా నాన్న దగ్గర పలక మీద నేర్చుకున్న నాలుగక్షరాలతో రోజూ అమ్మవారి నామాలు రాసుకునేదాన్ని. అలాంటి నేనే, దణ్ణం పెట్టుకుని మరీ, దేవుడి గూట్లో ఉన్నది ప్రసాదమే కదా అని సర్దిచెప్పుకుని ఆ సీసా మూత తీశాను. రోజుకు రెండు, పండుగ దగ్గరపడ్డకొద్దీ మూడు. ఇంత పెద్ద మాత్ర ఉండగా అంత చిన్నదెందుకని తెల్ల మాత్ర మానేశాను కూడా.

కడుపు జారిపోయి పూటకు నాలుగుసార్లు పెరటి గదికి పరుగెత్తేదాన్ని. అక్క నన్ను చూసింది, సీసా కేసి చూసింది.

“ఏటే, సీసా సగమైపోనాది! మనింటి ఎలకలకి కూడా బీపీ వచ్చీసినట్టుందే.”

నేను కడిగిన పప్పునే మళ్ళీ కడిగాను.

పండుగకు మూడు రోజుల ముందు సయామా చేతికి పట్టీ కట్టి బీపీ చూసి, ఉలిక్కిపడి, మళ్ళీ చూసింది. విషయం రాబట్టి బర్మా భాషలో నన్ను కడిగిపారేసింది. గుండెను కాపాడేది ఆ తెల్ల మాత్రేననీ, తనను అడక్కుండా దాన్ని మానితే ఏనాడో ఒకనాడు కాలూ చెయ్యీ పడిపోతాయనీ, అక్క వేసుకునే పెద్ద మాత్ర పిక్కలు పట్టేస్తున్నాయని తనను అడిగి వేసుకుంటున్నదేననీ చెప్పింది. ఆవిడ ఒక్కరోజు కూడా తెల్ల మాత్ర తప్పలేదట. నేను నిద్రపోతుండగా తెల్లవారుజామునే చెరువు గట్టు చుట్టి వస్తోందట. ఒక్క ఇంట్లో ఉండి నాకది తెలియదు. నా కళ్ళు సీసాను దాటి పోలేదు మరి.

ఘటం అక్కే మోసింది. ఆవిడ పాదాల మీద పసుపునీళ్ళు పోస్తూ నేను ఏడిస్తే అందరూ భక్తి అనుకున్నారు.

మర్నాటినుంచి ఆవిడ నన్ను లేపి గట్టు మీద నడిపించింది, తన చేత్తోనే తెల్ల మాత్ర మింగించింది. తరువాతి పండుగకు సయామా ఇద్దరికీ సరేనంది. అక్క పిక్కలు నొప్పని చెప్పి ఘటం నాకెత్తింది. కోరిక తీరింది, తల్లి దయ. కానీ దారి పొడుగునా జనం ఎంత మంచి మనసమ్మా అన్నది ఇచ్చినావిడనే. ఘటం నా నెత్తి మీద, పేరు ఆవిడది. ఆ పూట కూడా ఓర్వలేకపోయాను.

అక్క పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఇప్పుడు మోసే ఆడవాళ్ళు దొరక్క ఘటాలను పికప్ బండిలో ఊరేగిస్తున్నారు. మొన్న నేను మోస్తానంటే, నాతో పోటీపడే మనిషి ఒక్కతీ లేదు. నా వయసు చూసి గుడి పెద్దలే నవ్వి వద్దన్నారు. నాకు ఇంకా ఊపిరి ఆడుతోందంటే అది ఆవిడ నడిపించిన నడకే.

మీరు దీపం పెట్టుకునేటప్పుడు మా అక్కను ఒక్కసారి తలచుకోండి. ఆవిడను మాత్రమే. పక్కన నన్ను చేర్చకండి. ఆవిడకు దక్కిన ప్రతిదాంట్లోనూ నేను వాటా అడిగాను, ఇదొక్కటి పూర్తిగా ఆవిడకే ఉండనివ్వండి.