పోయేవాళ్ల పెట్టె

కువైట్ నుంచి వచ్చిన మూడో రోజే ఇంట్లోకి వరద తెచ్చాను.

తొమ్మిదేళ్లు అక్కడ ఒక ముసలామెకు అన్నం తినిపిస్తూ, ఆమె ఇల్లు తుడుస్తూ బతికినదాన్ని. బండలు కడగడమంటే నాకు తెలిసింది ఒక్కటే: సబ్బునీళ్లు బకెట్ల కొద్దీ గుమ్మరించి, పొడుగు కర్రకున్న రబ్బరుతో మూలన నీళ్లు పోయే జాలిలోకి తోసెయ్యడం. కొత్తవాడలో మా ఇంటి ముందుగదికి జాలి లేదు. మగ్గం గుంట ఉంది. అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని మా ఆయన జంపఖానాలు నేస్తాడు. నేను తోసిన నీళ్లన్నీ బుద్ధిగా వెళ్లి ఆ గుంటలో చేరాయి. ఆయన బయట టీ తాగి వచ్చి, అలవాటుగా కాళ్లు లోపలికి దించాడు.

"గిదేం పనే," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. నన్ను చుట్టంలా చూస్తున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. సొంత పెళ్లామైతే తిట్టేవాడు.

ఆయన చెంబుతో నీళ్లు తోడి పోస్తుంటే, మా బిడ్డ గడప మీద నిలబడి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వచ్చాక అది నవ్వగా చూడటం అదే మొదలు. సిగ్గుపడాల్సింది పోయి సంబరపడ్డాను.

అసలు నేను వచ్చిందే దాని కోసం. రెండు నెలల సెలవని చెప్పి వచ్చాను గానీ, మళ్లీ పోకూడదని విమానం ఎక్కకముందే అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరో ఒకరు "ఇగ పోకు" అంటారు, అప్పుడు కాస్త బెట్టు చేసి ఒప్పుకుందామని నా ఆశ. బెట్టు చేద్దామంటే ఒక్కరూ అడగరే!

నేను పోయేనాటికి దానికి రెండు జడలు వేసేవాళ్లం. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మధ్యలో పెరిగినదంతా నేను ఫోన్లోనే చూశాను. సాయంత్రం ముసలామె కునుకు తీయగానే ఫోన్ చేసేదాన్ని. అది గోడకు ఆనుకుని కూర్చుని అన్నీ చెప్పేది. పంటి నొప్పి, స్నేహితురాలితో కొట్లాట, పెద్దమనిషి అయిన సంగతి కూడా నాకు ఫోన్లోనే చెప్పింది. ఆ రోజు వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను. అయినా నా బిడ్డ నాతో ఏదీ దాచదని గర్వం ఉండేది.

ఇక్కడికొచ్చాక ఆ పిల్ల ఎటు పోయిందో తెలియదు. "తిన్నవా?" అంటే "తిన్న" అంటుంది. "కాలేజీల ఏమైంది?" అంటే "ఏం గాలే". నేను గదిలోకి వెళితే మంచం మీద సర్దుకుని కూర్చుంటుంది, పంతులమ్మ వచ్చినట్టు. ఒకరోజు వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. చూస్తే పక్క గదిలో నుంచి అదే పంపింది: "అమ్మా, తల నొస్తాంది." నా ప్రాణం లేచొచ్చింది. జండూబామ్ పట్టుకుని ఉరికాను. నన్ను చూడగానే దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"తగ్గిందమ్మా," అంది.

ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక బామ్ డబ్బా మీద మండిపడి, దాని మూత విసిరికొట్టి, తర్వాత మంచం కిందికి దూరి వెతుక్కున్నాను.

ఇంతలో ఆపా వచ్చింది. మా సందు చివర ఉంటుంది, వాడంతా ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలుస్తుంది. ఆమె కొడుకు కువైట్‌లో బండి నడుపుతాడు. మామిడికాయ తొక్కు నిండిన స్టీలు డబ్బా రెండు చేతులతో పట్టుకుని మా గడపలో నిలబడింది.

"జర తీస్కపోవే చెల్లె. మా వాడు ఆడ ఆ ఖుబ్బూస్ రొట్టెలు తినలేక సస్తాండు. నువ్వు ఎప్పుడు పోతె అప్పుడే, తొందర లేదు," అంది.

గల్ఫ్ మనుషులున్న వాడల్లో ఒక పద్ధతి ఉంది. పోయేవాళ్ల పెట్టె ఒక్కరిది కాదు. అక్కడున్న పిల్లలందరికీ ఇక్కడి తల్లులు అందులో ఇంత చోటు అడుగుతారు. కాదనే మనిషి ఉండడు, ఎందుకంటే రేపు మన బిడ్డకూ ఎవరో ఒకరు మోసుకుపోవాలి. ఒకసారి డబ్బా చేతిలోకి తీసుకున్నామంటే పోతామని మాట ఇచ్చినట్టే. నాకది తెలుసు. అయినా ఆమె చేతులు చాపి నిలబడితే, నేను పోవడం లేదన్న మాట ఇంట్లో ఎవరికంటే ముందు ఆపాకు ఎలా చెప్పను? తీసుకున్నాను.

పొద్దుగూకేసరికి వాడంతా తెలిసిపోయింది. మర్నాడు ఎండు చేపలొచ్చాయి, ఆ వెనకే సకినాలొచ్చాయి. నెక్కొండ నుంచి మా ఆడబిడ్డ రైలెక్కి వచ్చి, కువైట్‌లో ఉన్న తన మొగుడికి ఇమ్మని కొత్త కారప్పొడి ఇచ్చింది. ఇంటిల్లిపాదీ తుమ్ముతూ ఆమెను సాగనంపాం. ప్రతి మూటతో పాటు అదే ప్రశ్న: "ఎప్పుడు పోతాన్నవ్?" వచ్చి ఎన్నాళ్లయిందని అడిగినవాళ్లు ఒక్కరు లేరు.

ఆ తర్వాత మా ఆయన బజారు నుంచి అట్టపెట్టె తెచ్చాడు. నన్ను అడగలేదు. అడుగున అడ్డం నిలువు టేపు వేసి, నాలుగు వైపులా నల్ల మార్కరుతో నా పేరు రాశాడు, విమానం దిగాక తొందరగా కనబడాలని. ఎంత శ్రద్ధగా రాశాడంటే, ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

"నేను పోకుంటె?" అన్నాను.

మార్కరుకు మూత పెట్టాడు. "పోకుంటె పోకు. నేనేమన్న పో అంటాన్ననా? గని ఆపాకు ఏం చెప్తవ్?"

హాస్యమాడుతున్నాడేమో అని చూశాను. లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

సరే, ఆపాకే చెబుదామని డబ్బా పట్టుకుని వెళ్లాను. ఆమె నన్ను నోరు తెరవనియ్యలేదు. డబ్బా చూసి, మూత సరిగా లేదేమోనని లోపలికి తీసుకెళ్లి, పైన ఇంకో గరిటె నూనె పోసి, పాలిథిన్ కవరుతో గట్టిగా బిగించింది. అంతలో కొడుక్కి ఫోన్ కలిపి నా ముఖానికి పెట్టింది. బండిలో కూర్చున్నాడు, గడ్డం మాసి ఉంది. "ఖాలా, జర పైలంగ తే. నెల సంది తొక్కు గురించే సోంచాయిస్తాన్న," అన్నాడు. తెస్తానని నా నోటితో నేనే అన్నాను. డబ్బా పోయినప్పటికంటే బరువై ఇంటికొచ్చింది.

ఇక బిడ్డకే చెప్పాలనుకున్నాను. అది వద్దంటే ఆపాను, ఆడబిడ్డను, అందరినీ ఎదుర్కోగలను. దాని ఒక్క మాట చాలు.

మా ఆయన నేసినవి అప్పజెప్పడానికి చేనేత సొసైటీకి వెళ్లిన మధ్యాహ్నం, నేనూ అదీ ముందుగదిలో పెట్టె సర్దుతున్నాం. కరెంటు లేదు. పక్క వీధి పవర్‌లూములు కూడా ఆగిపోయాయి. ఇల్లంతా కారం వాసన.

"నేను పోతలేను బిడ్డా," అన్నాను.

టేపు చింపుతున్న దాని చేయి ఆగింది. సంతోషం కోసం దాని ముఖంలోకి చూశాను. అది భయపడింది.

"మొత్తానికే పోవా?"

"పోను. ఈడనే ఉంట, నీ దగ్గర."

టేపు కొసను గోటితో గీరింది. "నీకొక ముచ్చట చెప్పాలె అనుకున్న అమ్మా. నువ్వు పోయినంక, ఫోన్ల."

"ఇప్పుడు చెప్పరాదు?"

"ఎదురుంగ ఉంటె చెప్పొస్తలేదు." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "మస్తు సార్లు చెప్పాలె అనుకున్న. నీ ముఖం చూస్తె రాదు. నువ్వెప్పుడు పోతవా అని చూస్తాన్న."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. దాని తప్పేం లేదని తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గలేదు. అమ్మంటే ఎక్కడో దూరాన ఉండేదని దానికి నేర్పింది ఎవరు?

లేచి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. "నేను చూడ. ఫోన్ల ఉన్ననే అనుకో. చెప్పు," అన్నాను.

సున్నం పెచ్చులూడిన చోటును చూస్తూ ఎదురుచూశాను.  వెనక అది ఒకసారి గొంతు సవరించుకుంది, ఊపిరి పీల్చుకుంది. ఇక మొదలుపెడుతుందనుకున్నాను. అది లేచింది. పెట్టె తాడుకు చేతికాంటా కొక్కెం తగిలించి, ఆయాసపడుతూ పైకెత్తి, బరువు చూసి, మళ్లీ దించింది.

"ఇంకొంచెం పడుతదమ్మా," అంది, మామూలు గొంతుతో. "అన్నీ వేరేటోళ్లయే ఉన్నయి. నీయి ఏమన్న పెట్టుకుంటవా?"

ఏం పెట్టుకోవాలో నాకు తోచలేదు. గోడ వైపే కూర్చున్నాను.