తెరకి వీపు పెట్టి కూర్చున్న మనిషి

మా పక్కింటి తమ్ముడుగారు పోయిన కబురు ఊళ్ళో లేని నాకు ఫోనులో చెప్పింది మీ టోర్నమెంటు కమిటీ కార్యదర్శే. "వీడియో గేముల పిచ్చి పెద్దాయన పోయేరండీ, మామ్మగారూ" అన్నాడు. ఏడవడం తరవాత, కమిటీవారూ, ముందు ఆ మాట దిద్దుకోండి. ఆయనకి గేముల పిచ్చి లేదు. ఉన్నది చూసేవాళ్ళ పిచ్చి. మన పోటీలకి ఏ ఆట పెట్టాలో ఇన్నేళ్ళూ తేల్చింది ఆ పిచ్చే.

మస్కట్‌లో పనిచేసి వచ్చి రాజోలులో నెట్ సెంటర్ పెట్టుకున్నారాయన. వేసవి సెలవుల్లో కల్యాణమండపంలో పెద్ద తెర కట్టి ఈ-స్పోర్ట్స్ పోటీలు మొదలుపెట్టారు. మొదటి ఏడు తనకి ఇష్టమైన ఆటే పెట్టారు. కోటలు కట్టి సైన్యాల్ని నడిపించే ఆట. బ్రహ్మాండంగా ఆడారట. "అట" ఎందుకంటే, చూస్తున్న మాకెవ్వరికీ ముక్క అర్థం కాలేదు. సగం ఆటయ్యేసరికి జనమంతా బయట బజ్జీల బండి దగ్గర ఉన్నారు. ఆటే వృత్తిగా పెట్టుకుని అంతదూరం హైదరాబాదు నుంచి వచ్చిన పిల్ల ఒకతె కప్పు గెలుచుకుని, చప్పట్ల కోసం తలెత్తి చూసింది. ఫ్యాన్ల చప్పుడే వినబడింది.

మర్నాడు ఆయన మా అరుగెక్కారు.

"అక్కగారూ, మీకు వీడియో గేములంటే పడదు కదండీ?"

"అస్సలు పడదు."

"ఆయ్! అయితే మీరే కావాలండి."

అప్పటినుంచి ఏటా అదే తంతు. మా అరుగు మీద ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి ఆట నడిపించేవారు. తను దాని వెనక పేము కుర్చీలో కూర్చుని నా మొహం చూసేవారు. నేను కాఫీ తాగడం అయ్యేలోగా ఎవరు గెలుస్తున్నారో చెప్పగలిగితే ఆ ఆట పోటీల్లో ఉన్నట్టు. గ్లాసు పక్కన పెట్టి ముందుకి వంగితే ఇక ఖాయమే. ఫుట్‌బాల్ ఆటా, కార్ల పందెమూ అలాగే నెగ్గాయి. పోటీల రోజునా అంతే. తెరకి వీపు పెట్టి జనాన్నే చూసేవారు.

"రిటైరయ్యేదాకా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. నన్ను తెలివితక్కువతనానికి నమూనాగా పెట్టుకున్నారా?" అని ఒకసారి దులిపాను.

"తెలివికేం లోటండి? మొహమాటమే లేదు మీకు. విసుగొస్తే లేచిపోతారు. మన కోనసీమలో అలాంటి మనిషి దొరకొద్దూ?"

పొగడ్తో తిట్టో నేనింకా తేల్చుకోలేదు. ఉద్యోగం అయిపోయాక నా విసుగు కూడా ఒకరికి పనికొస్తుందని చెప్పిన మనిషి మాత్రం ఆయనొక్కరే.

పోయినేడు మీరంతా తుపాకుల ఆట కావాలని పట్టుబట్టారు. "అందరి ఫోన్లలో ఉన్నది అదేనండి" అన్నారు. తెర మీద ఒకణ్ణి చూపిస్తుంటే ఇంకెక్కడో ఎవరో చచ్చిపోతున్నారు. ఎవరు గెలుస్తున్నారో తేలకుండానే నా కాఫీ చల్లారిపోయింది. ఆయన వద్దన్నారు. మీ కోపానికి ఆయన చెప్పింది ఒకటే మాట: "ఆడేవాడికి ఆట చేతిలోనే ఉంటుందండి. చూసేవాడికి మనం అందించాలి. అందకపోతే గెలిచిన పిల్లలకి చప్పట్లెవరు కొడతారు?"

ఈ ఏడు ఆటలింకా ఎంచలేదు. ఆయన లేరు కదా అని మళ్ళీ ఆ తుపాకులవైపే చూస్తున్నారని విన్నాను. చూడండి, తప్పులేదు. కానీ ఆయన పద్ధతిలో ఎంచండి. నేనొస్తాను. కాఫీ నేనే తెచ్చుకుంటాను, మండపంలో ఇచ్చేదాన్ని కాఫీ అనలేం.

ఒక్క పని చేసిపెట్టండి. ఎంపిక పెట్టుకున్న రోజు పొద్దున్నే ఆటో తీసుకుని మా ఇంటికి రండి. అరుగు మీద ఆయన పేము కుర్చీ ఉంది. ఒక కాలు కాస్త పొట్టి, కింద అట్టముక్క మడిచి పెట్టాలి. దాన్ని పట్టుకెళ్ళి తెర పక్కన వేయండి. తెరవైపు కాదు, జనంవైపు తిప్పి.