బేస్ గిటారుకు ప్రీయాంప్ వెతుకుతుంటే దొరికిన విడుదల

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, నిజానికి ఈ సాక్ష్యం నోటితో చెప్పవలసింది, కాని నేను నోటితో చెబితే మొదటి వరుస దాటదు గనుక మన సంఘ పత్రికకు రాసి పంపుతున్నాను. అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పేవాణ్ణి, ఆదివారాలు రాజోలు దగ్గర మా మందిరంలో పాటలు నడిపించేవాణ్ణి. మైకు అక్కర్లేని గొంతని అందరూ అనేవారు, నేనూ పెద్దగా కాదనలేదు. అలాంటి రోజుల్లో మెడలో గడ్డ లేచింది. అది గొంతు నరాన్ని చుట్టుకుని ఉండడంతో ఆపరేషన్‌లో గడ్డతో పాటు నరమూ దెబ్బతింది, ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రాణం నిలిచింది, దేవునికి స్తోత్రం! గొంతు మాత్రం ఎండిన కొబ్బరాకుల్లో గాలి దూరినట్టు ఒట్టి ఊపిరి చప్పుడైపోయింది. తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారు డాక్టరుగారు. కాలేజీవారు నన్ను ల్యాబుకు మార్చారు, అక్కడి పరికరాలకు నా గొంతుతో పనిలేదు.

అయ్యో సహోదరులారా, ఇది చీకటి కాదు, చీకటి ఆ తరవాత వచ్చింది! ఇంటికొచ్చాక మొదటి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. "దేవుడు నన్ను విడిచిపెట్టేశాడేమోనని భయంగా ఉంది, నాకోసం ప్రార్థించండి" అన్నదే నా మాట. "దేవుడు నన్ను..." అని ఊపిరి కోసం ఆగాను.

"స్వస్థపరిచేడండీ! హల్లెలూయా!" అని పక్కనుంచి అందుకుంది మా రూతమ్మ పిన్నిగారు.

ఆవిడ నన్ను కన్నకొడుకులా చూసుకునే మనిషి. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. మందిరమంతా చప్పట్లు కొట్టింది, డోలకు కూడా మోగింది, నేను కూర్చున్నాను.

అప్పటినుంచి అందరూ అంతే, నేను మొదలుపెట్టిన మాటను వాళ్లే పూర్తిచేసేవారు, అదీ ఎప్పుడూ సంతోషకరంగానే పూర్తిచేసేవారు. క్రమంగా మాట్లాడడం మానేశాను. పక్కనున్నవాళ్లకే వినిపించనిది పరలోకానికి ఏం వినిపిస్తుందని ప్రార్థన కూడా మానేశాను. ఆ భయం మాత్రం రాయిలా గుండెల్లోనే ఉండిపోయింది.

ఇలా ఉండగా మా బావమరిది కువైట్ నుంచి సెలవుకొచ్చి, "గొంతు లేకపోతే వేళ్లున్నాయి కదా బావగారూ" అని ఒక బేస్ గిటారు నా ఒళ్లో పెట్టాడు. చెక్క డొల్లగా ఉండే రకం, తీగల అదురును పట్టే పీజో పికప్ ఉన్నది. పికప్ పట్టినదాన్ని స్పీకర్లకు సరిపడేలా సిద్ధంచేసే లోపలి ప్రీయాంప్ ఉప్పుగాలికి తుప్పుపట్టి చచ్చిపోయింది. మా మందిరంలో సౌండు చూసే యోనా దాన్ని తప్పించి, పికప్ తీగను నేరుగా స్పీకర్లు నడిపే మిక్సరుకు కలిపాడు. వాయించాను. స్టీలు గ్లాసును చెంచాతో కొట్టినట్టు మోగింది.

"కంగారుపడకండి మాస్టారూ, పెంచుతాను" అన్నాడు యోనా. పెంచాడు, ఎకో కూడా కలిపాడు. స్పీకర్లు కూతపెట్టాయి. మా సంఘంలో ఏ జబ్బుకైనా మొదటి మందు పెంచడమే.

కొత్త ప్రీయాంప్ ఎంచుకోవలసి వచ్చింది. యోనా ఫోనులో ఒకటి చూపించాడు, దానికి అయిదు తిప్పే బిరడాలు, నీలం లైటు, తెర కూడా ఉన్నాయి. రెండోది అగ్గిపెట్టెంత, లైటు లేదు, గిటారు లోపల ఒక చిన్న చక్రం, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, అంతే. నేను రెండోదాని వివరాలు చదువుకుంటుంటే మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఆవిడ కరుణ పక్కన కూర్చుంది.

"ఏవండీ, ఇది సౌండు పెద్దది చేస్తుందాండీ?"

"తరవాత చేస్తుంది," అన్నాను, ఊపిరి ఊపిరికీ ఆగుతూ. "ముందు వింటుంది. తీగలు ఆనే పట్టీ కింద సన్నని పలక ఉంటుంది, అదే పీజో. తీగ అదిరితే అందులో రవ్వంత కరెంటు పుడుతుంది. దాన్ని అందుకునే పరికరం ఆబగా లాగేసిందా, ముందు చచ్చేది లోతైన స్వరాలే. మిక్సరు చేసింది అదే. ఈ చిన్నది దాన్నుంచి దాదాపు ఏమీ లాక్కోదు. అందుకే లోతు మిగులుతుంది."

కరుణ నావైపు తిరిగి కూర్చుంది. తరవాత మెల్లగా అడిగింది: "ఆ ఆదివారం మీరేం చెప్పబోయేరండీ?"

చెప్పాను. సగంలో ఊపిరి అందలేదు. తను అందుకోలేదు! పెదవి కూడా కదపలేదు, నేను చివరిదాకా వచ్చేవరకు చూస్తూ కూర్చుంది. అయ్యాక ఇద్దరం అక్కడే మోకరించాం. "ప్రభువా, గొంతు ఇవ్వకపోయినా సరే, విను. చాలు" అని ప్రార్థించాను, నాకే సరిగా వినిపించనంత సన్నగా. విన్నాడు సహోదరులారా! ఎలా తెలుసంటే ఫిజిక్సు ప్రకారం నిరూపించలేను, గుండెలోని రాయి లేదు, అంతే.

ఆ చిన్న ప్రీయాంప్‌ను యోనా టంకం పెట్టి బిగించాడు, లైటు లేదని కొంచెం బాధపడుతూనే. ఒక వేసవి ఆదివారం, పాటకు ముందు అన్నిటికన్నా లావు తీగ ఒక్కసారి మీటాను. ఆ స్వరం చాపల కిందనుంచి పాకుతూ వెళ్లింది. రూతమ్మ పిన్నిగారు గుండెమీద చెయ్యి వేసుకుని, "ఇది చెవికి కాదండీ, ఇక్కడ వినిపిస్తోంది" అంది.

సాక్ష్యాల సమయంలో నేను లేచాను. కరుణ ముందే చెప్పి ఉంచిందేమో, పిన్నిగారు లేచి వెళ్లి ఫ్యాన్లన్నీ ఆపేసింది. మే నెలలో కోనసీమలో ఫ్యాన్లు ఆపడం చిన్న ప్రేమ కాదు. "దేవుడు నన్ను..." అన్నాను, ఆగాను. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎవరూ అందుకోలేదు. "...విడిచిపెట్టేశాడేమోనని భయపడ్డాను. విడిచిపెట్టలేదు." చెమటలు కారుతున్న ఆ నిశ్శబ్దంలో పిన్నిగారు అవునన్నట్టు ఒక్క మాటే అంది: "ఆయ్."

ఇది రాస్తున్నప్పటికి గొంతు తిరిగి రాలేదు. సాక్ష్యం సగంలోనే ఆగినట్టుందని ఎవరికైనా అనిపించవచ్చు. ఆగలేదు, నాకు కావలసిన విడుదల నాకు దొరికింది, నన్ను విన్న నా దేవునికి వందనాలు! మీ గుండెలో కూడా ఎవరో తొందరపడి పూర్తిచేసేసిన మాట ఉంటే, దాన్ని ఆయన దగ్గర మొదటినుంచి చెప్పుకోండి, నమ్మి చెప్పుకోండి, ఆయన మధ్యలో అందుకోడు. మా మందిరానికీ రండి. వేసవిలో వస్తే విసనకర్ర తెచ్చుకోండి, సాక్ష్యాల సమయంలో మేము ఫ్యాన్లు ఆపుతాము. దేవునికే మహిమ!