తెర మీద మాల్యాద్రి పడవ

రెబెక్కమ్మ టీచర్‌కు కోపం తెప్పించడానికి ఒక్క మాట చాలు. "చేపలు పట్టేవాళ్ల పిల్లలకు ఈమాత్రం చదువు చాల్లెండి" అని ఎవరైనా అంటే, ఆ అన్నవాడు ఎంత పెద్ద అధికారైనా సరే, కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని మరీ మొదలుపెట్టేది. "నెల్లూరు పిల్లకి ఏం రావాలో మా పాళెం పిల్లకీ అదే రావాల. ఒక మెట్టు తక్కువెందుకు సార్?" నేను పక్కన నిలబడి నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

ఆమె పుట్టింది మనుబోలులో. భర్త పోయాక వెంకటాచలంలో చిన్న ఇల్లు తీసుకుంది. రోజూ నా స్కూటీ వెనక కూర్చుని సముద్రం ఒడ్డున ఉన్న పాళేనికి వచ్చేది. ఆ బడికి మేమిద్దరమే టీచర్లం. దారి పొడుగునా నా బండి నడపడాన్ని తిడుతూనే ఉండేది. "వాణమ్మా, గుంటలన్నీ నీకు చుట్టాలా, ఒక్కదాన్నీ వదలవు" అనేది.

ఏ తరగతి పిల్లకు ఏం రావాలో పైనుంచే రాసి పంపడం, ఊరేదైనా అందరికీ ఒకే పరీక్ష ట్యాబుల్లో పెట్టడం మొదలైంది. దానికి తోడు బడికి పెద్ద డిజిటల్ బోర్డు వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఫ్యానుకు దిక్కులేని గదిలో ఈ సోకొకటా అన్నాను. రెబెక్కమ్మ అక్క మాత్రం సంబరపడింది. ఒకే కొలత పెట్టినప్పుడు మన పిల్లలు ఎవరికీ తీసిపోరని చూపించొచ్చు కదా అంది.

నాలుగో తరగతికి పటం చదవడం రావాలి. బోర్డులో ఉన్న పాఠంలో పార్కు, పోస్టాఫీసు, ట్రాఫిక్ లైటు కనిపించాయి. పిల్లలు ఆవులించారు. అక్క ఆ పాఠం ఆపేసి, తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చి, ఆకాశం నుంచి తీసిన మా పాళెం ఫోటో తెర మీదకు తెచ్చింది. ఇక గదిలో గోలే గోల. పాళెంలో ఏ పడవ ఇసుకలో ఎక్కడ ఆపాలో ఎవరి చోటు వారికుంటుంది. అందుకని బొమ్మలో గోరంత కనిపించినా ఎవరి పడవను వాళ్లు గుర్తుపట్టారు.

మాల్యాద్రి కూతురు మహాలక్ష్మి అప్పటిదాకా ఏం అడిగినా గౌను అంచు నోట్లో పెట్టుకుని నిలబడేది. ఆ రోజు తనంతట తాను లేచి వచ్చి, దక్షిణం కొసన ఐసు షెడ్డు పక్కనున్న పడవ మీద వేలు పెట్టింది. "ఇది మా నాయనది" అంది. ఆ వేలు పట్టుకునే అక్క ఆ పిల్లకు నాలుగు దిక్కులూ నేర్పింది. రోజూ ఆ ఫోటో వెయ్యమని మహాలక్ష్మే అడిగేది. "ఈసారి పరీక్షలో నా మహాలక్ష్మి గట్టెక్కుతాది, చూస్తా ఉండు" అని అక్క దారంతా అదే మాట.

అది ఎప్పుడో తీసిన ఫోటో అని అక్క మొదటి రోజే చెప్పింది. పిల్లల చెవికి ఎక్కలేదు. వీడియో కాల్‌లో మేనమామ మొహం కనిపిస్తే అది ఇప్పటి మొహమే కదా, ఇదీ అంతే అనుకున్నారు.

ఒకనాడు తెల్లవారుజామున చేపల వేటకు పోయిన పడవలన్నీ గాలికి భయపడి తిరిగొచ్చాయి. మాల్యాద్రి పడవ ఒక్కటే రాలేదు. పడవ రాని రోజు పాళెంలో ఎవరూ పొయ్యి వెలిగించరు, టీవీ పెట్టరు. అందరూ ఒడ్డునే ఉన్నారు. ఖాళీ బడిలో మేమిద్దరం కూర్చుని ఉండగా మాల్యాద్రి పెళ్లాం పేరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది.

"టీచరమ్మా, ఆ బోర్డు వెయ్యి. ఆయన ఏడున్నాడో చూస్తాం."

"అది పాత ఫోటో పేరమ్మా. ఇప్పటిది అందులో కనపడదు."

"పిల్ల రోజూ చూస్తా ఉంది గదా. ఒక్కసారి వెయ్యి తల్లీ."

నేనైతే వేసేదాన్ని కాదు. అక్క ఆ మొహం చూసి కాదనలేకపోయింది. కళ్లతో చూస్తేనన్నా పాతదని నమ్ముతుందని అనుకుంది, పాపం. తెర వెలిగింది. ఐసు షెడ్డు పక్కన, ఎప్పటిలాగే, పడవ ఉంది.

"అమ్మా, మన పడవ వచ్చేసినాది" అంటూ మహాలక్ష్మి పరుగు తీసింది. వెనకాలే పేరమ్మ. మోకాళ్ల నొప్పులతో అక్క కూడా, "అమ్మీ, ఆగమ్మీ" అని పిలుస్తూ. పడవ వచ్చిందన్న ఆ పిల్ల కేకకు ఒడ్డున ఉన్న పాళెమంతా అటే పరిగెత్తింది. అది పాత ఫోటో అని బాగా తెలిసిన నేనూ పరిగెత్తాను.

షెడ్డు పక్కన పడవ తోసే దుంగలున్నాయి, చిరిగిన వలుంది. పేరమ్మ ఆ ఇసుకలోనే కూలబడిపోయింది.

మాల్యాద్రి శవం తర్వాత దక్షిణాన ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అక్కను ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఫోటో మళ్లీ తెర మీద వెయ్యకూడదని పాళెం పెద్దలు కట్టుబాటు పెట్టారు, అంతే. పలకరించడానికి పోతే పేరమ్మ అక్క చేతులు పట్టుకుని, "ఒక్క నిమిషం వచ్చినాడు టీచరమ్మా. నీ బోర్డులో వచ్చినాడు" అంది. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం బండి ఎన్ని గుంటల్లో పడినా అక్క నన్ను ఒక్క మాట అనలేదు.

పరీక్ష రోజు మహాలక్ష్మి వచ్చింది. ట్యాబులో ఎక్కడిదో ఒక ఊరి పటం, బడికి తూర్పున ఏముందని ప్రశ్న. మిగతా పిల్లలు టకటకా నొక్కేశారు. ఈ పిల్ల వేలు కదపలేదు. పరీక్షలో సాయం చెయ్యకూడదని ఆర్డరు. అక్క దాన్ని లెక్కచెయ్యకుండా పక్కన కింద కూర్చుంది.

"తూర్పు ఎటో నీకు తెలుసు గదమ్మా."

"తెలుసు టీచర్. అయినా ఇదీ పాత ఫోటోనే గదా. ఇప్పుడు ఆడ ఏముందో నాకెట్ట తెలుస్తాది?"

టైమైపోయి ప్రశ్న దానంతటదే వెళ్లిపోయింది. అక్క ఫోన్‌లో చూసిన ఫలితాల్లో మహాలక్ష్మి పేరు పక్కన, పటం చదవడంలో స్థాయి అందలేదని, పాఠం మళ్లీ బోర్డు మీద చూపించాలని వచ్చింది. అధికారుల మీద అంతెత్తున లేచే మనిషి, ఫోన్ మూసి సంచీలో పెట్టుకుంది.

ఇంటికి వస్తుంటే సగం దారిలో నా భుజం పట్టుకుని బండి ఆపమంది.

"ఆ పిల్లకి వచ్చు వాణమ్మా. నేనే నేర్పించినా" అని రోడ్డు పక్కన నిలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.