ఇంటికొక ప్రార్థన

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను జమ్మలమడుగులో మిషను బడి టీచరుగా ఉన్నాను. పక్క గదిలో ఒక అవ్వ ఉండేది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. కాళ్లు ఆడినన్నాళ్లు క్రైస్తవుల ఇళ్లు తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసింది. మా ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. ఆదివారానికి అవన్నీ గుడికి చేర్చడం అవ్వ పని. పేరుకే బియ్యం, సగం ఇళ్లలో జొన్నలో కొర్రలో పడేవి. కుండ వంచుకున్నాక ఆ గడపలోనే నిలబడి ఆ ఇంట్లో ఒక్కరి కోసం ప్రార్థన చేసేది. ఇద్దరికి చేయమంటే ఒప్పుకునేది కాదు.

"ఇంటికొక పిడికెడు, ఇంటికొక ప్రార్థన. దేవుని కాడ పేరాశ పనికిరాదు" అనేది.

తుంటి విరిగి మంచాన పడ్డాక కుండల పని ఇంకొకరికి పోయింది. ప్రార్థన మిగిలింది. పొద్దు పొడవకముందే ఒక్కో ఇంటికీ వరసగా మొదలుపెట్టేది. గోడ ఇవతల నాకు నిద్ర చెడేది, విసుక్కునేదాన్ని. నాది అంతంతమాత్రం భక్తి. అయినా మా ఇంటి వంతు వచ్చి నా పేరు వినబడితే మాత్రం చెవి అటే వేసేదాన్ని. అమ్మానాన్నలు మేం పొద్దుటూరులో ఉండగానే పోయారు. మిగిలింది నేనూ, పులివెందులలో పంతులుగా ఉన్న తమ్ముడూ.

వాడికి క్షయ పట్టింది. అవ్వతో చెప్పుకుని ఏడ్చాను. మర్నాటి నుంచి గోడ అవతల నా పేరు ఆగిపోయి వాడి పేరు మొదలైంది. నాకు అంతకన్నా ఏం కావాలి.

ఎండాకాలంలో వాడు పోయాడు. పులివెందుల పోయి మట్టి వేసి వచ్చాను. అవ్వకు చెప్పలేదు. జాలితో కాదు, కోపంతో. అన్నాళ్లు అడిగించుకుని ఇవ్వని దేవుడు ఇంకా అడిగించుకోనీ అనుకున్నాను.

"ఎట్లుండాడు పాపా మీ తమ్ముడు?"

"అట్లే ఉండాడవ్వా."

దగ్గు తగ్గాలని, నాలుగు ముద్దలు తినాలని రోజూ అడిగేది. నా కోపం పట్టుమని పది రోజులు నిలవలేదు. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఊళ్లో వాడి పేరు పలికేది ఆమె ఒక్కతే. అది కూడా పోతుందని భయం.

ఎనిమిది నెలలు గడిచాయి. మంచాన ఉన్న అవ్వకు నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇవ్వడానికి వచ్చే పాస్టరు అయ్యగారికి పులివెందుల కబురు తెలుసు. ఒకరోజు ఆమె ప్రార్థనలో ఆ పేరు విని మధ్యలోనే ఆపారు.

"ఆ పిల్లోడు ప్రభువు కాడికి పోయి శానా నెలలాయె గదా అవ్వా. చచ్చినోళ్ల కోసరం ప్రార్థన చేయగూడదు, నీకు తెలియందా?"

నేను గుమ్మంలోనే ఉన్నాను. మా సంఘంలో అది తప్పు. తెలిసి తెలిసి ముసలామె చేత చేయించాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయ్యగారు వెళ్లిపోయారు. ఇక తిడుతుంది, తిట్టనీ అనుకున్నాను. చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"మీ ఇంటి వంతంతా వానికే పెడ్తి. ఇన్ని నెలలు నీ కోసరం ఎవురు చేసినారు పాపా?"

"ఎవరూ లేరవ్వా."

"అంత దుఃఖంలో నిన్ను ఒంటిగా వదిలిపెడ్తినే" అని ఆమె ఏడ్చింది. తమ్ముణ్ణి పూడ్చినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు, ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున గోడ అవతల మళ్లీ నా పేరు వినిపించింది. అప్పటికే ఆమె గొంతు సన్నబడింది, గోడకు ఆనుకుంటే గాని వినబడేది కాదు. ఐదు వారాలు అడిగింది. ఆ తర్వాత ఈ భూమ్మీద నా పేరు పెట్టి దేవుణ్ణి అడిగినవాళ్లు ఎవరూ లేరు.